మేస్త్రికి మనశ్శాంతి

"పేడ ఎత్తకూడదనే కదే నిన్ను ఇంత చదివించింది?" అంది సౌభాగ్యమ్మ.

జెరూషా టీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. ఆ మాట రోజూ పొద్దున్నే ఆరింటికి టీ గ్లాసుతో పాటు వచ్చేదే. అనేది అమ్మ అనాలి, వెళ్లేది తను వెళ్లాలి. రబ్బరు గ్లౌజులు, జిప్ కవర్లు, మార్కరు పెన్ను సంచీలో వేసుకుని, తలుపు పక్కన ఆనించిన పొడుగాటి వెదురుకర్ర అందుకుంది. కర్ర చివర ఒక సత్తు గరిటె బైండింగ్ వైరుతో బిగించి ఉంది. నిన్నమొన్నటి దాకా అది సౌభాగ్యమ్మ పప్పు గరిటె. ఆవిడ కోపంలో సగం దాని గురించే.

"గేదెది ఎత్తినా పిడకలన్నా అయ్యేయి," వెనకనుంచి ఇంకో మాట వచ్చింది.

"ఇది పరిశోధనమ్మా."

"అదే అంటన్నా. పరిశోధన చేసేవాళ్లు ఏసీ గదుల్లో కూచుంటారని మీ నాన్న చెప్పాడు నాకు."

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న డేవిడ్‌రాజు తల తిప్పకుండా నవ్వుకున్నాడు. ఆయన ఇరవై రెండేళ్లు సున్నపురాయి క్వారీలో పనిచేశాడు. రాయి కొట్టాడు, టిప్పర్లకి ఎత్తాడు, దుమ్ము మింగాడు, ఆ డబ్బుతో కూతుర్ని ఎమ్మెస్సీ చదివించాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి జెరూషా. జగ్గయ్యపేట బస్టాండులో టీ తాగేటప్పుడు పక్కన ఎవరున్నా సరే, "మా అమ్మాయి మొసలి మీద రీసెర్చి చేస్తందండి" అని చెప్పందే ఆయన గ్లాసు కింద పెట్టడు. ఏ భాగం మీద రీసెర్చి అని ఎవరైనా అడిగితే మాత్రం బస్సు వచ్చిందంటాడు.

రాళ్లకుంట కాలనీ వెనక, రాయి అయిపోయాక కంపెనీ వాళ్లు వదిలేసి వెళ్లిన క్వారీ గుంట ఉంది. వానలకి నిండి అదొక చెరువైపోయింది. మొన్నటి పెద్ద వరదకి పాలేరు పొంగి వాగులన్నీ ఏకమైనప్పుడు, కృష్ణ నుంచి ఎదురెక్కి వచ్చిందో మరెలా వచ్చిందో, ఒక మొసలి ఆ గుంటలో తేలింది. నీళ్లు తీశాయి కానీ అది తిరిగి వెళ్లలేదు. మొదటి పది రోజులు కాలనీలో ఎవరికీ నిద్ర లేదు. తర్వాత అది తన జిలేబీ చేపలు తను తింటూ, ఎవరి జోలికీ రాకుండా ఉండేసరికి, జనం కూడా బట్టలుతుక్కునే రేవుని ఇవతలి గట్టుకి మార్చుకుని సర్దుకుపోయారు.

దానికి పేరు పెట్టింది డేవిడ్‌రాజే. పొద్దున పదింటికల్లా అది నీళ్లలోంచి పైకొచ్చి, గుంటలో రాయి కొట్టిన మెట్లలో మూడోదాని మీద బారుగా పడుకునేది. తను వేలు కదపదు. అవతల బట్టలుతికేవాళ్లని మాత్రం అరమూసిన కళ్లతో వదలకుండా చూస్తుంది. "అచ్చం మా మేస్త్రి లాగే ఉంది గదయ్యా," అన్నాడాయన. అప్పట్నించి అది మేస్త్రి.

కిందటి వేసవిలో ఎవరో వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. అది చూసి అటవీశాఖ పైవాళ్లు మొసలిని పట్టి జూకి తరలిద్దామన్నారు. అప్పుడు అడ్డం పడింది రాజ్‌కిరణ్ సార్, అంటే జెరూషాకి ఆరు నెలల ఉద్యోగం ఇచ్చిన శాస్త్రవేత్త. "తొందరపడొద్దు. మనుషుల పక్కన అది నెమ్మదిగా బతుకుతోందా, లోపల నలిగిపోతోందా, ముందు తేలనివ్వండి. నలిగిపోతోందని తేలితే నేనే దగ్గరుండి తీసుకెళ్తా," అని గడువు అడిగారు. నాలుగు నెలలు ఇచ్చారు. గడువు తీరేరోజు నందిగామలో మీటింగు. ఆ రోజుకి జెరూషా లెక్కలు బల్లమీద ఉండాలి. మేస్త్రి ఉండేదీ పోయేదీ ఆ లెక్కలే చెప్పాలి.

లెక్క ఎలా తీస్తారన్నది సుబ్బమ్మకి మొదటి రోజే చెప్పింది జెరూషా. సుబ్బమ్మకి డెబ్బై ఏళ్లు, రెండు గేదెలు. గుంట గట్టున గడ్డి కోసుకుంటూ, మొసలి ఏ మూల ఉందో కనిపెట్టి చెప్పడం ఆవిడ తనంతట తాను నెత్తిన వేసుకున్న పని.

"రక్తం తియ్యాలంటే దాన్ని పట్టాలి మామ్మా. పడితే ఆ భయానికే ఒత్తిడి పెరుగుతుంది. ఇక మనం కొలిచేదేముంది? అందుకని దాని పెంట ఎత్తుతున్నా. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో ఒక రసం ఎక్కువ ఊరుతుంది. దాని జాడ ఇందులో దిగుతుంది. ల్యాబులో పెడితే ఎంతుందో తెలుస్తుంది."

సుబ్బమ్మ గరిటెలోకి తొంగిచూసింది. తెల్లగా, సుద్దముక్కలా ఉంది. "నా గేదె పేడ చూసి అది కుడితి సరిగా తాగిందో, దూడ మీద బెంగ పెట్టుకుందో నే చెప్తా. మీ మిషను చెప్పేదీ అదేగా?"

"అదే మామ్మా."

"మరి దానికి ఎమ్మెస్సీ ఎందుకే?"

వారానికి రెండో మూడో దొరికితే గొప్ప. మేస్త్రి అవతలి మూల నీళ్లలో ఉందని సుబ్బమ్మ చెయ్యి ఊపితే, జెరూషా పై మెట్టు మీద బోర్లా పడుకుని కర్ర చాపి గరిటెతో తోడుకునేది. తేదీ రాసి కవర్లో పెట్టాక, అది గడ్డకట్టేలా చల్లగా ఉండాలి. కాలనీ మొత్తానికి అలాంటి ఫ్రీజరు పెట్టె ఒక్కటే. అది కోళ్లషాపు బెన్నిది. ఎప్పుడో ఐస్‌క్రీమ్ అమ్ముదామని సెకండ్‌హ్యాండులో కొన్నాడు, అమ్మలేదు, అది మూల పడుంది.

"పెట్టుకో చెల్లెమ్మా. కానీ లోపల ఏముందో ఎవరికీ చెప్పమాక. నా బేరం పోద్ది," అన్నాడు బెన్ని.

పదిహేను రోజులకోసారి ఐసు పెట్టెలో సర్ది బస్సు పార్సిల్లో ల్యాబుకి పంపేది. ఆరు వారాల లెక్క వచ్చాక రాజ్‌కిరణ్ సార్ ఫోన్ చేశారు. మామూలుగా ఆయన గొంతులో ఉండే హుషారు లేదు.

"సగటున బాగానే ఉందమ్మా. కానీ ప్రతి వారం ఒకసారి ఎగిరిపోతోంది. రెండింతలు, ఒక్కోసారి రెండున్నర. అన్నీ గురువారం దగ్గర దొరికినవే. గురువారం అక్కడ ఏం జరుగుతుంది?"

పక్క క్వారీలో పేలుళ్లు మంగళ, శుక్రవారాలు. గురువారం ఏమీ లేదు. ఆ మాటే చెప్పింది.

"ఆగు. మొసలి ఒళ్లు నిదానం. తిన్నది అరగడానికీ, ఆ జాడ బయటికి రావడానికీ మూడు నాలుగు రోజులు పడుతుంది. వెనక్కి లెక్కపెట్టు."

జెరూషా వేళ్లమీద వెనక్కి వెళ్లింది. ఆదివారం.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో చెప్పింది. డేవిడ్‌రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఎంత ఎక్కువుంది?" అని, ఆస్పత్రిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగాడు.

"రెండింతలు నాన్నా. ఇలాగే ఉంటే తీసుకెళ్లిపోతారు."

"ఆదివారం దానికేమయిద్ది? ఆదివారం ఊరంతా కుశాలగా ఉంటదే!"

"కుశాలే దాని ప్రాణం తీస్తంది," అంది సౌభాగ్యమ్మ. "మన చర్చి మైకు గుంటకేసే గదా తిరిగుంది. పాస్టరుగారి ప్రార్థనకి గేదెలే బెదురుతన్నయి."

కూర్చుని ఆలోచిస్తే అందరికీ అదే నిజమనిపించింది. సంఘం పెద్దలు కూడారు. ఒకరిద్దరు, మొసలి కోసం దేవుడి పాట తగ్గిస్తామా అని గొణిగారు. పాస్టరుగారు మాత్రం సూటిగా తేల్చేశారు. "దేవుడి చెవులు బాగానే ఉన్నాయి. మైకు మనకోసం పెట్టుకున్నాం. ఆ ప్రాణిని మన మధ్యకి తెచ్చిన దేవుడు, నాలుగు వారాలు మనం నెమ్మదిగా పాడితే కోప్పడడు." ఆ సంగతి తెలిసి సుబ్బమ్మ కూడా ఊరుకోలేదు. "మీరు అంత చేస్తే మేమేం తక్కువా? మా రామాలయం మైకు కూడా కట్టేయిస్తా," అని పంతానికి పోయి కట్టేయించింది.

ఆ ఆదివారం కాలనీలో వింతగా ఉంది. డోలక్ మీద తువ్వాలు కప్పి కొట్టారు. పాట చరణం ఎక్కగానే అలవాటున గొంతులు లేచేవి. పాస్టరుగారు పెదాల మీద వేలు పెట్టేవారు. పిల్లలు కిసుక్కుమనేవారు. అయినా తర్వాతి లెక్క వచ్చేదాకా రెండు వారాలూ పట్టుబట్టి నడిపారు. మేస్త్రి కోసం ఇంతమంది గొంతు తగ్గించుకున్నారని తల్చుకుంటే జెరూషాకి కళ్లు చెమర్చాయి.

లెక్క వచ్చింది. తగ్గలేదు. పెరిగింది.

"మూడింతలమ్మా," అన్నారు రాజ్‌కిరణ్ సార్. "మీటింగుకి ఇంకా నెలా పదిహేను రోజులుంది. ఇదే వరస అయితే నేను అబద్ధం రాయలేను."

"రాయమని నేనడగనండి," అంది జెరూషా. ఫోన్ పెట్టేశాక గట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఎదురుగా మేస్త్రి మూడో మెట్టు మీద పడుకుని నిశ్చింతగా ఎండ కాచుకుంటోంది. దాన్ని చూస్తే మూడింతల బాధ ఉన్నదాన్లా లేదు. "ఏమయిందో నోరు తెరిచి చెప్పవే," అంది. మేస్త్రి నోరు తెరిచే ఉంది కానీ అది ఎండకి.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, పెట్టెలో కవర్లు ఎన్నున్నాయో లెక్క చూసుకోడానికి బెన్ని షాపుకి వెళ్లింది. ఆదివారం ఆ కాలనీలో కోడికూర వండని ఇల్లుండదు. చర్చి నుంచి వచ్చినవాళ్లంతా వచ్చి వెళ్లిపోయారు. బెన్ని మొద్దు కడుగుతున్నాడు.

"చెల్లెమ్మా, మంచిటైముకొచ్చావు. బాబాయ్ సైకిలు మీద రెండు కవర్లే పట్టాయని ఇదొకటి వదిలేశాడు. కాస్త తీసుకెళ్తావా?"

"ఏం కవరు అన్నా?"

"తలకాయలు, కాళ్లు, పేగులు. కుక్కలకంటగా. ఏడాదిపైనుంచీ ప్రతి ఆదివారం తీసుకెళ్తాడు. ఇదివరకు ఒక్క కవరే. మైకు ఆపిన కాడ్నించి రెండు, మూడు అడుగుతన్నాడు. మీ నాన్నకి కుక్కలంటే అంత ప్రేమేందో!"

ప్రతి ఆదివారం అన్న మాట వినగానే జెరూషా అక్కడ నిలబడలేదు. అడ్డదారిన, పనికిరాని రాళ్ల కుప్పలెక్కి గుంట వెనక వైపుకి వెళ్లింది. అటుకేసి తను ఎప్పుడూ ఆదివారం రాలేదు. ఆదివారం సెలవని నాన్నే పట్టుబట్టి ఇంట్లో కూర్చోబెట్టేవాడు.

పైనుంచి అంతా కనిపించింది. ఎండ మండిపోతోంది. ఆ వేళకి నీటి అడుగున ఉండాల్సిన మేస్త్రి గట్టు వెంబడి నీళ్లలో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ తిరుగుతోంది. మెట్ల మీద పన్నెండు కుక్కలు. లెక్కపెట్టింది. కాలనీవి నాలుగే. మిగతావి ఎక్కడెక్కడివో. మధ్యలో, చేతిలో కవరుతో నాన్న.

"ఏంరా మేస్త్రీ, ఆకలేస్తందా? ఇదిగో, ఇదిగో. ఊరంతా కోడికూర తింటంటే నువ్వొక్కడివీ ఆ చప్పటి చేపలు తింటావా? టెన్షన్ పెట్టుకోమాక. నిన్నెవడూ తీసుకుపోడు. మా అమ్మాయి ఉంది. చదువుకున్న పిల్ల, చూసుకుంటది. తిను, తిని పడుకో."

కవరు విదిలించాడు. కుక్కలు ఒక్కసారిగా ఉరికాయి. మేస్త్రి నీళ్లలోంచి ఎగిసి వచ్చి తోక విసిరింది. ఒక కుక్క కీచుమంటూ దొర్లింది. మిగతావి చుట్టూ మూగి మొరుగుతుంటే అది నోరు తెరిచి బుసకొట్టింది. వెనక్కి నీళ్లలోకి జారింది, మళ్లీ పైకొచ్చింది, మళ్లీ జారింది. డేవిడ్‌రాజు రాళ్లు తీసుకుని కుక్కల్ని తరుముతూ, "దాన్ని తిననియ్యండిరా! పాపం, అసలే బాగుండలేదు దానికి!" అని అరుస్తున్నాడు.

"నాన్నా!"

ఆయన తిరిగి చూశాడు. చేతిలో రాయి అలాగే ఉంది. కూతురు రాళ్లు జారుతుంటే జాగ్రత్తగా దిగివచ్చి ఆయన చెయ్యి పట్టుకుని పై మెట్టు దాకా లాక్కెళ్లింది. ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"అలా చూడమాక తల్లీ. తప్పేం చెయ్యలా. ఆదివారం మనమంతా ముక్కతో తింటన్నం, అదొక్కటే..."

"నాన్నా, ఇక్కడ ఆదివారం ఏం జరుగుతుందని నన్ను సార్ ఎన్నిసార్లు అడిగారో తెలుసా? నేను నీకెన్నిసార్లు చెప్పాను?"

కింద కుక్కలు ఇంకా కొట్లాడుకుంటున్నాయి. మేస్త్రి నీళ్లలో ముక్కు ఒక్కటే పైకి పెట్టి గట్టుకేసి చూస్తోంది. ఆయన ఒకసారి దానికేసి, ఒకసారి కుక్కలకేసి చూశాడు. లెక్క ఆయనకి అందడం జెరూషా కళ్లారా చూసింది.

"మైకు కాదా?" అన్నాడు.

"కాదు నాన్నా."

"నేనా?"

జెరూషా తల ఊపింది.

"దానికి బాగుండలేదని చెప్పావుగా. అందుకే ఇంకో కవరు ఎక్కువ తెచ్చా," అన్నాడు. తువ్వాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు, మొహం ఆరిపోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

దారిలో సగం దూరం వచ్చాక సైకిలు ఆపాడు. "ఇది కాగితంలో రాయాలిగా?"

"ఊళ్లో ఒకరు తిండి వేసేవారని రాస్తా నాన్నా. పేరు అక్కర్లేదు."

"ఊళ్లో ఒకరంటే అందరి మీదా అనుమానం పడద్ది. బెన్నిని అంటారు, సుబ్బమ్మని అంటారు. డేవిడ్‌రాజు అని రాయి. నిన్ను చదివించింది నాకోసం దొంగలెక్కలు రాయడానికి కాదు."

ఆ మాట అన్నాక ఆయన సైకిలు తోసుకుంటూ ముందు నడిచాడు. వెనకనుంచి ఆ వంగిన వీపు చూస్తూ నడిచింది జెరూషా. చిన్నప్పుడు ఆ వీపు సాయంత్రానికి తెల్లటి దుమ్ముతో ఉండేది, తను దాని మీద వేలితో అ ఆలు రాసేది.

ఆపడం అనుకున్నంత తేలిక కాలేదు. మరుసటి ఆదివారం మధ్యాహ్నం కాగానే డేవిడ్‌రాజు ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాడు. కంచంలో కోడికూర అలాగే చల్లారింది.

"తినవయ్యా," అంది సౌభాగ్యమ్మ.

"అది గట్టుకాడ ఎదురుచూస్తా ఉంటది."

"అది మొసలయ్యా. కొత్తల్లుడు కాదు."

ఎదురుచూసిన మాట నిజమే. పైనుంచి చూసి వచ్చిన జెరూషా ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. ఆ వారం లెక్క కూడా ఎక్కువే వచ్చింది. రెండో వారం కుక్కలు ఏడు. బెన్ని చెత్తంతా గొయ్యి తీసి పూడ్చడం మొదలుపెట్టాడు. మూడో వారం మూడు కుక్కలు వచ్చి, వాసన చూసి వెళ్లిపోయాయి. మేస్త్రి ఒక్కసారి గట్టుదాకా వచ్చి వెనక్కి తిరిగింది. నాలుగో గురువారం దొరికిన శాంపిల్ని జెరూషా ఆఖరి ఐసు పెట్టెలో పెట్టి, పార్సిలు ఎక్కించి, బస్సు కనిపించినంతసేపూ నిలబడింది. మైకులు అప్పటికి మళ్లీ మోగుతున్నాయి. అవి మోగుతున్నా మేస్త్రికి ఏమీ కావట్లేదని తేలడం కూడా లెక్కలో భాగమే అని సార్ చెప్పారు.

మీటింగుకి రెండు రోజుల ముందు ఫోను. "మామూలుకి వచ్చేసిందమ్మా. గురువారానికీ మంగళవారానికీ తేడా లేదు."

నందిగామకి తండ్రీ కూతుళ్లు కలిసే బస్సెక్కారు. డేవిడ్‌రాజు క్రిస్మస్‌కి కుట్టించిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పెద్ద అధికారి రిపోర్టు తిప్పుతూ ఒకచోట ఆగారు.

"డేవిడ్‌రాజు అంటే ఎవరు?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నేనేనండి."

"అడవి జంతువులకి తిండి వేస్తే కేసవుతుందని తెలుసా?"

"ఇప్పుడు తెలుసండి. కేసు పెట్టండి. దాన్ని మాత్రం ఉంచుతారాండి?"

అధికారి ఆయనకేసి కాసేపు చూసి, కేసు మాట మళ్లీ ఎత్తలేదు. సంవత్సరం పాటు మేస్త్రి ఉన్నచోటే ఉండొచ్చన్నారు. రేవు దగ్గర కంచె వెయ్యాలి, తిండి వెయ్యరాదని బోర్డు పెట్టాలి, నెలనెలా శాంపిళ్లు తియ్యాలి. జెరూషా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు. బయటికొచ్చాక తండ్రి అడిగిన మొదటి మాట, "ఇప్పుడు నేను దాన్ని చూడొచ్చా?"

"దూరం నుంచి నాన్నా. ఒట్టి చేతుల్తో. మాట్లాడకూడదు."

మర్నాడు పదింటికి ఇద్దరూ రాళ్ల కుప్ప మీదకి ఎక్కారు. మేస్త్రి మూడో మెట్టు మీద బారుగా పడుకుని ఉంది. నెలన్నర తర్వాత చూస్తున్నాడు డేవిడ్‌రాజు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో క్వారీ దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఊరుకోలేదు, దగ్గు తన్నుకొచ్చింది. గుంటంతా మారుమోగింది. జెరూషా ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మేస్త్రి ఒక కన్ను తెరిచింది. వాళ్ల వైపు చూసింది. డేవిడ్‌రాజు కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టాడు. అది లేస్తే, గట్టుకి వస్తే, నెలన్నర పని బూడిదే. లేవకపోతే, ఏడాది పైచిలుకు ఆదివారాలు బూడిదే.

కన్ను మూసుకుంది. తోక కొస కొంచెం సర్దుకుని మళ్లీ నిద్రలో పడింది.

ఆయన కిందకి దిగాడు. ఇంటి మలుపు దగ్గర ఇంటికి తిరక్కుండా నేరుగా బెన్ని షాపు ముందుకెళ్లి నిలబడ్డాడు. అక్కడ గడ్డిమోపు దించుకుని సుబ్బమ్మ కూడా ఉంది.

"నన్ను గుర్తుపట్టలేదురా బెన్నీ!" అన్నాడు, కూతురి పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు అరిచినంత గట్టిగా. "దగ్గినా లేవలా! నా మొహం చూసి కన్ను మూసుకుంది!"

కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నోరు నవ్వుతోంది. అభినందించాలో ఓదార్చాలో బెన్నికి తెలియలేదు. చేతిలో కత్తి పక్కన పెట్టి, బల్ల తుడిచి, "కూర్చో బాబాయ్, టీ చెప్తా," అన్నాడు.